చెట్టు మనదే, నీడ ఎవరిది?



గట్టు చెట్ల మీద మనం పెట్టిన వీడియో చూసి ఒకాయన ఫోన్ చేసినాడు. "అన్నా, మీరు గట్టు వెంబడి నడుస్తా ఉంటే వెనక మూడు మొద్దులు కనపడినాయి. అన్ని చెట్లూ ఉంచుకుని ఆ మూడే ఎందుకు కొట్టేసినారు?" అని అడిగినాడు. ఏదో చెప్పి పెట్టేసినాను గానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. వేప గురించి, కానుగ గురించి, గ్లిరిసిడియా గురించి అంతసేపు చెప్పి, ఆ మొద్దుల దగ్గర మాత్రం గబగబా దాటుకున్నాను. ఈరోజు వాటి సంగతే చెప్తాను. ఎందుకంటే ఆ మూడు మొద్దుల్లో నా తప్పు కూడా ఉంది.

మాది గుంతకల్లు పక్కన నాలుగున్నర ఎకరాల ఎర్రనేల. మన వైపు నేలలు మీకు తెలిసినవే. కొంచెం అటు పోతే నల్లరేగడి, పత్తి, పప్పుశనగ. ఇటు వస్తే ఎర్రనేల, వాన దయ ఉంటే బుడ్డలు, కంది, కొర్ర. ప్రకృతి సేద్యంలోకి వచ్చిన కొత్తలో తూర్పు గట్టు మీద పద్నాలుగు మొక్కలు పెట్టినాను. నీమాస్త్రానికి వేప, కషాయాలకు కానుగ, పచ్చిరొట్టకు గ్లిరిసిడియా. పక్క చేన్లో కొట్టే పురుగుమందు తుంపర ఆపడానికి కూడా పనికొస్తాయి. మన నేలలో ఒక మొక్క బతకడమే కష్టం. బిందెలతో నీళ్ళు పోసి బతికించినాము. ఆరేడేండ్లకు మాన్లైనాయి.

తూర్పు పక్క చేను ఆయన నాకు వరసకు మామ. ఒక ఏడు వచ్చి, "అల్లుడూ, నీ మాన్లు నా నాలుగు సాళ్ళు తింటాండాయి. కొమ్మలు తీయించు" అన్నాడు. నేను నవ్వి, "ఆకు రాలితే నీ నేలకే కదా బలం మామా, పిట్టలు వాలితే పురుగు తింటాయి కదా" అని శిక్షణలో విన్నదంతా చెప్పినాను. "బలం నేలకు వస్తాదేమో గానీ, ఆ నీడలో బుడ్డలు కాయవు, ఒట్టి ఆకు కాస్తాది" అన్నాడాయన. ఇంకో ఏడు కూడా చెప్పినాడు. నేను కదల్లేదు. నేను చేసేది మంచి పని, ఆయన మందులు కొట్టే మనిషి, ఆయన మాటకు బరువేముంది అనుకున్నాను. నిజం చెప్పాలంటే అప్పుడు నా మనసులో ఉండింది అదే.

మూడో ఏడు ఆయన గొడ్డలి పట్టినాడు. తన వైపు వాలిన కొమ్మలన్నీ కొట్టేసి, మూడు మాన్లు మొదలంటా నరికేసినాడు. నేను పోలీసు స్టేషన్‌కు పోయినాను. ఇది సివిల్ తగాదా, మీరూ మీరూ చూసుకోండి అని పంపించినారు. ఆ తర్వాత జూన్‌లో మంచి వాన పడింది. విత్తనం బీజామృతంలో శుద్ధి చేసి, ట్రాక్టర్ మాట్లాడుకుని పోతే, మా చేన్లోకి పోయే బండి దావకు అడ్డంగా కంప కొట్టేసి ఉంది. మా తాత కాలం నుంచి ఆయన చేను దక్షిణం అంచు మీదుగానే మా బండ్లు పోతాయి. కాగితం లేదు, ఎవరూ అడిగిందీ లేదు. కంప తీయించడానికి పెద్దమనుషుల చుట్టూ తిరిగి వచ్చేసరికి ఎనిమిది రోజులైంది, పదును ఆరిపోయింది. ఎర్రనేలలో పదును ఎన్నాళ్ళుంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ ఏడు మళ్ళీ వాన కోసం చూసి, ఆలస్యంగా విత్తి, సగం పంటతో సరిపెట్టుకున్నాము.

ఆ తర్వాత సచివాలయంలో దరఖాస్తు పెట్టి హద్దు కొలిపించినాము. సర్వేయర్ పటం పెట్టి కొలిచి జెండాలు పాతితే తేలిందేమంటే, ఏండ్ల తరబడి రెండు పక్కలా మడక దున్నీ దున్నీ గట్టే జరిగిపోయింది. నరికిన మూడు మాన్లలో రెండు ఆయన భూమిలోవి. మా ఇంటామె ఒకే మాట అన్నది. "ఆయన చెట్లు ఆయన కొట్టుకుంటే, మనం స్టేషన్‌కు పోయినామన్నమాట."

ఇప్పుడు నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మనం ప్రకృతి సేద్యం చేస్తున్నామని పక్క రైతు మన నీడ భరించాల్సిన బాకీ ఏమీ లేదు. ఆయన మందు తుంపర మన చేన్లో పడకూడదని మనం అడుగుతాము. అది న్యాయమే. అదే నోటితో, మన నీడ, మన వేరు ఆయన చేన్లో పడితే ఓర్చుకో అనడం న్యాయం కాదు. గట్టు దాటి పోయేది విషమైనా, నీడైనా, అడగాల్సింది అవతలి మనిషినే.

చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. గొడవ పెట్టుకోవడానికి కాదు, మన మాటకు ఎంత దూరం బలముందో తెలుసుకోవడానికి.

మొదటిది కొమ్మల సంగతి. మన కొమ్మ పక్క చేన్లోకి వాలితే, ఆ చేను రైతు తన చేన్లో నిలబడి హద్దు దాకా దాన్ని కత్తిరించుకోవచ్చు. ఇంగ్లండులో 1894లో లెమ్మన్, వెబ్ అనే ఇద్దరి కేసులో అక్కడి ప్రభువుల సభ ఈ తీర్పు చెప్పింది. పక్క భూమిలో కాలు పెట్టకుండా ఉంటే, ముందు నోటీసు కూడా అవసరం లేదన్నది. మన దేశంలో కోర్టులు కూడా పాత కాలం నుంచి ఇదే దోవలో పోతున్నాయి. కొమ్మ ఎన్నేండ్లు వాలి ఉన్నా, అట్లా వాలి ఉండే హక్కు మనకు రాదు. అయితే మొదలు నరకడం వేరే సంగతి. 2002 నాటి వాల్టా చట్టం, అంటే మన నీరు, భూమి, చెట్ల చట్టం కింద, సొంత భూమిలో చెట్టు కొట్టడానికి కూడా అనుమతి తీసుకోవాలి. అంటే మా మామ కొమ్మలు కొట్టడం వరకు ఆయన హక్కు. మాన్లు పడగొట్టడం, ఆయన భూమిలోవైనా, అడగకుండా చేయాల్సిన పని కాదు.

ఫ్రాన్సు వాళ్ళ సివిల్ కోడ్‌లో ఒక సులువైన లెక్క ఉంది. వేరే స్థానిక నియమమో ఆచారమో లేని చోట, రెండు మీటర్ల కంటే ఎత్తు పెరిగే చెట్టును హద్దుకు రెండు మీటర్లు ఎడంగా పెట్టాలి. చిన్నవైతే అర మీటరు చాలు. కొమ్మలు వాలితే తీయించమని పక్కాయన యజమానిని బలవంతపెట్టొచ్చు. వేర్లు వస్తే తానే హద్దు దాకా తెంపుకోవచ్చు. మనకు ఇట్లాంటి కొలత చట్టంలో లేదు. లేదు కాబట్టి మనమే పెట్టుకుందాం అంటాను నేను.

రెండోది దావ. 1882 నాటి ఈజ్‌మెంట్ చట్టం మన జిల్లా అంత వయసుది. బళ్ళారి నుంచి అనంతపురం వేరుపడిన ఏడు కూడా అదే. అప్పుడు మనం మద్రాసు ప్రెసిడెన్సీ కింద ఉండేవాళ్ళం, ఆ చట్టం మొదట అమలైన చోట్లలో మద్రాసు ఒకటి. దాని ప్రకారం ఇరవై ఏండ్లు ఎవరి అడ్డూ లేకుండా, అందరికీ కనపడేట్టు, హక్కుగా నడిచిన దావ మీద నడిచే హక్కు వస్తుంది. ఒకే భూమిని అన్నదమ్ములు పంచుకున్నప్పుడో, అందులో ముక్క అమ్మినప్పుడో, లోపలి ముక్కకు వేరే దారి లేకపోతే అవసరం కొద్దీ వచ్చే హక్కు ఇంకొకటి. కానీ ఆ హక్కును అవతలి రైతుకు వీలైనంత తక్కువ ఇబ్బంది కలిగేట్టు వాడుకోవాలని కూడా అదే చట్టం చెప్తుంది. బండికి ఉన్న దావలో మనం ఇష్టమొచ్చినంత వెడల్పు మిషన్ తెచ్చి సాళ్ళు తొక్కితే తప్పు మనదే.

దావకు అడ్డం కొట్టి, కొట్లాట అయ్యే పరిస్థితి వస్తే, ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్ ముందుకు పోవచ్చు. పాత సీఆర్‌పీసీలో ఇది 147వ సెక్షన్. 2024 జులై నుంచి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 166. ఇందులో సేద్యగాళ్ళు గుర్తు పెట్టుకోవాల్సిన మాట ఒకటి ఉంది. ఏడాది పొడవునా వాడే దావ అయితే గడిచిన మూడు నెలల్లో వాడి ఉండాలి. సీజన్‌లో మాత్రమే వాడే దావ అయితే గడిచిన సీజన్‌లో వాడి ఉంటే చాలు. అంటే విత్తేటప్పుడు, కోతప్పుడు మాత్రమే బండి పోయే మనలాంటి వాళ్ళను కూడా చట్టం లెక్కలోకి తీసుకుంది. అందుకే ఏ ఏడూ దావ వదలొద్దు. చేను బీడు పెట్టిన ఏడు కూడా ఒకసారి బండి తోలండి, ఫోన్‌తో తేదీ పడేట్టు ఒక వీడియో తీసి పెట్టుకోండి.

ఇక అధికారుల సంగతి. 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వే ప్రభుత్వం మారినా నడుస్తూనే ఉంది. హద్దు రాయి పడటం మంచిదే. మా గొడవలో సగం ఆ రాయి లేకపోవడం వల్లే. కానీ రాయి హద్దు చెప్తుంది, దావ చెప్పదు. ప్రభుత్వ బండి దారి అయితే పటంలో ఉంటుంది. దాన్ని ఎవరైనా కలుపుకుంటే తహసీల్దారుకు ఆక్రమణ అని ఫిర్యాదు పెట్టొచ్చు. పట్టా భూముల మధ్య మన తాతలు మాట మీద నడిచిన దావలు మాత్రం ఏ పటంలోనూ కనపడవు. కొలిచే రోజున ఇద్దరు రైతులూ గట్టు మీదే ఉంటారు. ఆ రోజే "ఇక్కడ దావ ఉందా, ఎంత వెడల్పు, గట్టు మీద చెట్లు ఎవరివి" అని ఒక కాగితం రాయించి ఇద్దరి సంతకాలు తీసుకుంటే, తర్వాత కోర్టుకు పోయే తగాదాలు ఎన్నో అక్కడే ఆగిపోతాయి. ఈ పని సర్వే సిబ్బందికి అప్పగించాలని రైతు సంఘాలు గట్టిగా అడగాలి.

కరెంటు లైన్ల కింద చెట్ల సంగతి కూడా అంతే. తీగలకు తగిలే చెట్టును తీయించే అధికారం 2003 విద్యుత్ చట్టం 68వ సెక్షన్‌లో ఉంది. కానీ లైన్ రాకముందు నుంచే ఆ చెట్టు ఉంటే, చెట్టు మీద హక్కున్న మనిషికి పరిహారం ఇప్పించాలని కూడా అందులోనే ఉంది. ఇది తెలియక మనం ఊరికే చూస్తా నిలబడతాము. కొత్త లైన్ వస్తున్నదంటే, స్తంభం పడకముందే చెట్లను ఫోటో తీసి పెట్టుకోండి.

"అన్నా, ఇదంతా సరే, చెట్లు లోపలికి జరిపితే తుంపర ఎవరు ఆపుతారు? సర్టిఫికెట్‌కు బఫర్ చూపించాలి కదా" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. పక్క రసాయన చేనుకూ మన పంటకూ మధ్య ఎడం ఉండాల్సిందే. కానీ ఆ ఎడం మన భూమిలో ఉండాలి గానీ, ఆయన భూమిలో కాదు. హద్దు పక్కన సజ్జ, జొన్న నాలుగైదు సాళ్ళు ఒత్తుగా వేస్తే, మందు కొట్టే కాలానికి అవి ఎత్తు పెరిగి చాలావరకు ఆపుతాయి. చెట్ల వరస వాటి లోపల పెట్టుకోండి. మా తూర్పు గట్టు 130 మీటర్లు. రెండు మీటర్లు లోపలికి వస్తే పోయేది 260 చదరపు మీటర్లు, అంటే ఆరున్నర సెంట్ల కంటే కొంచెం తక్కువ. అదీ పోయినట్టు కాదు, పశువుల గడ్డో, సాలు కందో వేసుకోవచ్చు. ఒక్క పదును పోతే జరిగే నష్టం ముందు ఇది ఎంత?

ఎండ లెక్క కూడా చూసుకోండి. ఆరుద్ర కార్తెలో సూర్యుడు మన నెత్తి మీదే ఉంటాడు, మధ్యాహ్నం నీడ చెట్టు కిందే పడుతుంది. దసరా దాటినాక సూర్యుడు దక్షిణానికి వాలతాడు, నీడ ఉత్తరానికి సాగుతుంది. కాబట్టి ఎత్తు పెరిగే వేప, చింత లాంటివి మన చేనుకు దక్షిణం పక్కన పెట్టుకుంటే ఆ నీడ మన మీదే పడుతుంది. ఉత్తరం గట్టు మీద పెడితే రబీ శనగ వేసుకున్న పక్కాయన మీద పడుతుంది. తూర్పు గట్టు అయితే సాయంత్రం నీడ అవతలికి పోతుంది. మా మామ చెప్పిన నాలుగు సాళ్ళ లెక్క ఇదే. ఉత్తరం, తూర్పు, పడమర గట్ల మీద గ్లిరిసిడియా లాంటివి పెట్టి, రొట్ట కోసం నరుకుతా పొట్టిగా ఉంచుకోవాలి. వేర్ల కోసం హద్దు వెంబడి ఒక అడుగు వెడల్పు, రెండడుగుల లోతు కాలువ తవ్వండి. పై వేర్లు అక్కడ తెగుతాయి, వాన నీళ్ళు కూడా ఇంకుతాయి.

మా తగువు ఎట్లా తెగిందో చెప్పి ముగిస్తాను. హద్దు తేలినాక నేనే మామ ఇంటికి పోయినాను. "రెండు మాన్లు నీవే అంట మామా, నాకు తెలియక స్టేషన్‌కు పోయినాను" అన్నాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కంప కొట్టింది తప్పే అల్లుడూ. వాన పడిన రోజు కొట్టకుండా ఉండాల్సింది" అన్నాడు. ఇద్దరం కూర్చుని కాగితం రాసుకున్నాము. అందులో ఉన్నవి ఇవి.

ఒకటి, గట్టు సర్వే హద్దు మీదికి జరపాలి, ఖర్చు చెరి సగం. రెండు, ఏటా రోహిణి కార్తెలో, విత్తుకు ముందే, ఆయన వైపు కొమ్మలు నేనే కొట్టించాలి. నేను కొట్టించకపోతే మృగశిర తర్వాత ఆయన హద్దు దాకా కొట్టుకోవచ్చు. మొదలు మాత్రం ఎవరూ ముట్టుకోకూడదు. మూడు, కొట్టిన రొట్టలో సగం ఆయనకు. నాలుగు, దావ తొమ్మిది అడుగులు, పంట కాలంలో ఆ తొమ్మిది అడుగులు దాటి చక్రం పోకూడదు. పోతే నష్టం నాది. ఐదు, ఆయన మందు కొట్టే ముందు రోజు నాకు చెప్పాలి, గాలి మా వైపు ఉంటే ఆగాలి.

ఒక జాగ్రత్త. ఇట్లాంటి కాగితంలో దావ గురించి "దయతో పోనిస్తున్నాను" అని రాయనీయొద్దు. అనుమతి అని రాస్తే, రేపు ఆ అనుమతి వెనక్కి తీసుకోవచ్చు, ఇన్నేండ్లు నడిచిన హక్కు బలహీనపడుతుంది. ముందు నుంచీ ఉన్న దావ అనే రాయించండి. శాశ్వతంగా కావాలంటే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోండి. మాటల్లో తేలకపోతే లోక్ అదాలత్ ఉంది. అక్కడ రాజీ కుదిరితే ఆ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. సివిల్ కోర్టు మెట్లు చివరికి పెట్టుకోండి. మనం పంట వేసి తీసినన్ని సార్లు అక్కడ వాయిదాలు పడతాయి.

కదిరి పక్కన తిమ్మమ్మ మర్రిమానును చూసే ఉంటారు. 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కిన మాను, నాలుగున్నర ఎకరాల పైన పరుచుకుంది. చూసి దండం పెట్టుకుని వస్తాము. అదే మాను మన నాలుగున్నర ఎకరాల పక్కన మొలిచి, మన మీదికి ఊడలు దించుతా ఉంటే ఏమనేవాళ్ళం? మా మామ నన్ను అడిగింది ఆ మాటే. నేను వినడానికి మూడేండ్లు, మూడు మాన్లు పట్టినాయి.

ఆ మొద్దుల్లో నా వైపున్న వేప ఒకటి మళ్ళీ చిగురేసింది. దాన్ని ఉంచాలా తీయాలా అని ఈసారి ముందు మామనే అడిగినాను. "ఉండనీలే, నీ వైపు వంచి పెంచుకో" అన్నాడు. ఈ రోహిణికి కొమ్మలు కొట్టేటప్పుడు ఇద్దరం కలిసి వీడియో తీస్తామని చెప్పినాడు. చూద్దాం.

మీ గట్టు మీద ఇట్లాంటి తగువు ఉంటే, వాన పడకముందే, ఇప్పుడే పోయి మాట్లాడండి. పదును మీద ఉన్నప్పుడు ఎవరికీ ఓపిక ఉండదు.